నాలుగో భుజం

సగం కొండ దిగేసరికి సిల్వానో కాలు జారింది.

డోలీ ఒక పక్కకి ఒరిగింది. లోపల దుప్పటి కింద జొవానిస్ కెవ్వుమంది.

మిగిలిన ముగ్గురూ ఎలాగో ఆపి, బుట్టలా అల్లిన ఆ డోలీని బురదలోనే దించారు. సిల్వానో చీలమండ అప్పుడే వాచిపోతోంది.

“లేవరా!” అంది కెజియా.

“లేస్తే మీకు ఇద్దరు రోగులవుతారు, పెద్దమ్మా.”

జొవానిస్ కెజియాకి కోడలు. తెల్లవారుజాము నుంచి నొప్పులు పడుతోంది, బిడ్డ దిగడం లేదు. ఆసుపత్రి వాగు అవతల ఉంది. వాన మొదలైంది. ఇంకో గంట పోతే వాగు దాటనివ్వదు. సంత రోజు కావడంతో ఊళ్ళో దొరికిన మగవాళ్ళు నలుగురే. అందులో ఒకడు కెజియా కొడుకు బైరుహంగా.

ముగ్గురితో డోలీ లేవదు.

పక్కనున్న చిక్కుడు చేలోంచి ఒకతను పార పడేసి పైకొచ్చాడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. గడ్డం సగం నెరిసింది.

“వెనక కొస నాకివ్వండి,” అన్నాడు.

“ఆగు. నీది ఏ డోలీ సంఘం?” అంది కెజియా.

ఆ కొండల్లో ప్రతి ఇంటి మగవాడి పేరూ ఏదో ఒక డోలీ సంఘంలో ఉంటుంది. కేక వేస్తే రావాలి. రానివాడి పేరు కొట్టేస్తారు. రేపు వాడు మంచాన పడితే మోసే దిక్కుండదు.

“ఏదీ కాదమ్మా,” అన్నాడతను.

“విన్నావా బైరుహంగా? పేరు కొట్టేసిన మనిషి! ఇలాంటివాడి చేతికా నా కోడలు?”

దుప్పటి కదిలింది.

“అత్తయ్యా, ఆ కొస మీరు పట్టుకుంటారా? లేదంటే ఆయన్ని పట్టుకోనివ్వండి!”

బైరుహంగాకి అంత భయంలోనూ నవ్వొచ్చింది. డోలీ లేచింది. సిల్వానో ఒక రాయి మీద కూలబడి చెయ్యి ఊపాడు.

కెజియా ఊరుకునే మనిషి కాదు. గొడుగు కోడలి మీద పట్టి, పక్కనే నడుస్తూ మొదలుపెట్టింది.

“ఏమయ్యా, రక్షణ పొందావా?”

“పొందానమ్మా.”

“ఎప్పుడు?”

“పొద్దున.”

“ఏ పొద్దున?”

“ఇవాళ పొద్దున. నిన్న కూడా.”

“రోజూ పొందడానికి రక్షణేమన్నా టీ నీళ్ళా! మా ప్రార్థన కూటంలో ప్రతివాళ్ళకీ తేదీ ఉంటుంది. నాది ఆగస్టు పదమూడు, గురువారం, మధ్యాహ్నం మూడు.”

“మూడుంపావు అన్నావు పోయిన వారం,” అన్నాడు కొడుకు రొప్పుతూ.

“నువ్వు దారి చూసుకో!”

అతను నవ్వాడు. “నాకూ తేదీ ఉందమ్మా. కానీ పొద్దున లేచేసరికి మళ్ళీ నేను నేనే కదా. ‘ప్రభువా, ఈ ఒక్క రోజుకీ కనికరించు’ అంటాను. ఆయన సరే అంటాడు. అప్పుడు పార తీసుకుని బయటికొస్తాను.”

కెజియా గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

వాగు అప్పటికే పొంగింది. కర్రల వంతెన మీద ఇద్దరు పక్కపక్కన పట్టరు. ఎవరూ చెప్పకుండానే అతను నీళ్ళలోకి దిగాడు, అది చూసి ముందు కొసన బైరుహంగా కూడా దిగాడు. నడుము దాకా వచ్చాయి. అతని బూటు ఒకటి కొట్టుకుపోయింది. అతను భుజం మాత్రం దించలేదు.

“కనికరించు తండ్రీ, కనికరించు,” అంటూ అడుగు తీసి అడుగేస్తున్నాడు.

ఆగస్టు పదమూడు సంగతి మరిచిపోయి కెజియా కూడా అతనితో పాటు ఆ మాటే అనసాగింది.

ఆసుపత్రి వరండాలో డోలీ దింపుతుండగానే నర్సు ఎనిడ్ పరుగెత్తుకొచ్చి జొవానిస్‌ని లోపలికి తీసుకుపోయింది.

ముప్పావుగంట గడిచింది.

తరవాత లోపల ఒక గొంతు కేరుమంది. కోపంగా, గట్టిగా, ఆసుపత్రి అంతా వినపడేలా.

“ఇది వాళ్ళ నాయనమ్మ గొంతే!” అన్నాడు బైరుహంగా. బురద కాళ్ళతోనే వరండాలో గంతులేశాడు. మోసినవాళ్ళు చప్పట్లు కొట్టారు. కెజియా నాలుక ఆడిస్తూ పెట్టిన సంబరపు కేకకి వార్డులో రోగులందరూ లేచి కూర్చున్నారు.

“ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఇంకో అరగంట ఆలస్యమైతే ఈ మాట చెప్పేదాన్ని కాదు,” అంది ఎనిడ్.

“దీని పేరు ఐనెంబబాజి,” అంది కెజియా కళ్ళు తుడుచుకుంటూ. దేవునికి కనికరముంది అని ఆ పేరుకి అర్థం.

వెంట తెచ్చిన జొన్న అంబలి ముంత పట్టుకుని అతని కోసం వెతికింది. వరండాలో లేడు. గేటు దగ్గర లేడు.

“ఒంటి బూటుతో వెళ్ళిపోయాడమ్మా,” అంది ఎనిడ్. “ఈ దారిన ఎవరి డోలీ వచ్చినా చేలోంచి లేచి వస్తాడు.”

“పేరు కూడా అడగలేదే! నోరు మాత్రం పారేసుకున్నాను.” కెజియా మళ్ళీ గేటు వైపు చూసింది. “ఆదివారమే మా డోలీ సంఘంలో అతని పేరు రాయిస్తాను. ఇంత మంచివాడి పేరు కొట్టేసింది ఎవరు? ఎందుకు?”

“పదకొండేళ్ళ కిందట మా ఊళ్ళో డోలీ కేక వేశారు. ఆయన జొన్నకల్లు కొట్లో ఉన్నాడు, లేవలేదు. డోలీ ఆలస్యంగా చేరింది. బిడ్డ దక్కలేదు.”

కెజియా ముంత కింద పెట్టింది.

“మరి తల్లి?”

ఎనిడ్ చేతులు తుడుచుకుంటూ నవ్వింది.

“తల్లి మీ ఎదురుగానే ఉందమ్మా. నేను డ్యూటీ దిగి వెళ్ళేలోపు చిలగడదుంపలు ఉడికించాలని మా ఆయన ఆ ఒంటి బూటుతోనే ఇంటికి పరుగెత్తాడు.”