నవ్వే సిపాయి

"ఆ మొగం మీద మాత్రం చెయ్యెయ్యొద్దు సామీ!"

గడపలో నిలబడి అరిచిన ముసలాయన్ని చూసి దివాకర్‌కు ఒళ్ళు మండింది.

ముక్కూ మొగం తెలియని మనిషి ఇంటికొచ్చి కేకలేస్తే ఎవరికి మాత్రం మండదు?

దివాకర్ అనంతపురంలో చరిత్ర లెక్చరర్. రేపే కాలేజీలో ఎగ్జిబిషన్. వెనకటికి రోమ్‌ను గడగడలాడించిన కార్తేజ్ కాల్బలాన్ని బల్ల మీద నిలబెట్టాలని ఆయన పంతం.

బజార్లో బదరీనారాయణ బొమ్మల అంగట్లో మిగిలిన ప్లాస్టిక్ సిపాయిలందర్నీ తెచ్చుకున్నాడు. తుపాకులు కోసేసి చీపురుపుల్లల ఈటెలు పెట్టాడు. సోడా మూతలు సాగగొట్టి డాళ్ళు చేశాడు.

ఒక్కటే చిక్కు. సిపాయిలందరూ ఎడమ చెంప సొట్టపడేలా నవ్వుతున్నారు.

యుద్ధానికి పోయేవాడు నవ్వుతాడా? ఎం-సీల్ ముద్దతో గడ్డాలు పెట్టి ఆ నవ్వులు మూసేశాడు. ఇంకొక్కడే మిగిలాడు.

"ఎవరప్పా నువ్వు?"

"బెళుగుప్ప నుంచి వస్తాండా సామీ. అంగడాయన ఈడికి పొమ్మన్నాడు. ఆ ఒక్క బొమ్మా నాకియ్యండి."

"ముందు వరసలో ఒకడు తక్కువైతే నువ్వొచ్చి నిలబడతావా?"

"గడ్డమన్నా పెట్టద్దండి. ఆ మొగం..."

"నీ కథలు నాకొద్దు. నా బొమ్మ, నా ఇష్టం!"

ముసలాయన చెయ్యి చాచి సిపాయిని అందుకోబోయాడు. దివాకర్ లాక్కున్నాడు.

"దొంగతనానికొచ్చినావా? బయటికి నడువు!"

అంతటితో ఊరుకోలేదు. ఆయన కళ్ళముందే, కసికొద్దీ, ఆ చివరి మొగానికీ ముద్ద మెత్తాడు.

"నీకు చేతులెట్లొచ్చినాయి సామీ!"

ముసలాయన గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు. ఎండకు గడ్డాలు రాయిలా గట్టిపడ్డాయి.

సాయంత్రం అంగడి బదరీనారాయణ వచ్చాడు.

"సుబ్బన్న వచ్చినాడా సార్? ఒక బొమ్మ ఇచ్చినారా?"

"ఆ ముసలాయనా? తరిమేసినా. అంత మోజుంటే ఇంకో అంగట్లో కొనుక్కోమనండి!"

"ఇంకేడుండాయి సార్? ఈ బొమ్మలు చేసే బెంగుళూరు కంపెనీ మూతపడింది. అచ్చులు కరగబెట్టేసినారు. మీకిచ్చిందే ఆఖరి పెట్టె."

"దానికి నేనేం చేసేది? బొమ్మ కోసం ఇంత రచ్చా!"

బదరీనారాయణ బల్ల మీది సైన్యాన్ని చూశాడు. ఒక్క నవ్వూ కనబడలేదు.

"పొద్దున అంగట్లో చెప్పుకోని ఏడ్చినాడు సార్. ఆ కంపెనీలో అచ్చు చెక్కింది ఆయనే. మిలిటరీకి పోతా పోతా అంటానే జ్వరమొచ్చి చచ్చిపోయిన కొడుక్కి ఒక్క ఫొటో గూడా లేదని, ఆ పిల్లోని నవ్వు మొగమే సిపాయికి పెట్టినాడు."