ఒక్కో గదిలో ఒక్కో ఎత్తు

వంగి వంగి టెస్టర్ నడుం పట్టేసింది.

అతను పనిచేసేది వీఆర్ తుపాకీ ఆట ఒకటి తయారుచేసే కంపెనీలో. హెడ్‌సెట్ కళ్లకు తగిలించుకుని చేతుల్లో మీటలు పట్టుకుంటే చాలు, యుద్ధం మధ్యలో నిలబడ్డట్టే ఉంటుంది. ఆ ఆటకి అభిమానులు సొంతంగా లెవెల్స్, అంటే ఆటలో దాటాల్సిన అంచెలు, కట్టి పంపుతుంటారు. ఈసారి అందరికన్నా బాగా కట్టినవాళ్లకు ఉద్యోగమే ఇస్తామని కంపెనీ ప్రకటించింది. మంచీ చెడూ తేల్చేది టెస్టరే. మధ్యాహ్నానికల్లా ఒక పేరు పైకి పంపాలి.

ఇది ఆఖరి లెవెల్. కట్టినాయన పంపి ఊరుకోక స్వయంగా వచ్చి గోడవారన నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి. కడిగి కడిగి పాలిపోయిన చేతులు.

టెస్టర్ మనసు అసలే బాగాలేదు. పొద్దున్నే అమ్మ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, సాయంత్రం తప్పకుండా రమ్మంది. ఎందుకో చెప్పలేదు.

నాలుగు నెలల క్రితం అతను నడుపుతున్న మోటారుసైకిల్ జారి, వెనక కూర్చున్న తమ్ముడి వెన్ను దెబ్బతింది. కాళ్లు ఎలాగూ రావన్నారు. చేతులైనా ఈ నెలాఖరుకి తలపైకి లేవకపోతే భుజాలు బిగుసుకుపోతాయని డాక్టర్ హెచ్చరించాడు. తమ్ముడు మాత్రం చెయ్యి కదపనని మొండికేశాడు. అన్నయ్యతో మాటలే మానేశాడు. సరదా పడతాడేమోనని ఇతను తెచ్చిచ్చిన హెడ్‌సెట్ మంచం కిందకి చేరింది.

"కొన్నాళ్లు నువ్వు రాకురా. నిన్ను చూస్తే వాడు తిండి ముట్టడం లేదు" అని అమ్మే చెప్పింది.

అప్పటినుంచి ఎలా ఉన్నాడని అడిగితే ఆవిడ మాట దాటేసేది.

ఆ దిగులుతో ఆటలో ప్రతి తప్పూ అతనికి రెండింతలై కనిపించింది. పాడుబడిన గిడ్డంగి అది. కిటికీలన్నీ మరీ కిందికి ఉన్నాయి, బయటికి చూడాలంటే వంగాల్సిందే. తుపాకులు మోకాళ్ల దగ్గర అరల్లో ఉన్నాయి. తూటాల పెట్టెలు కొక్కేలకు వేలాడుతున్నాయి. మొదటి గదిలో తొడల దగ్గర, మూడో గదిలో పొట్ట దగ్గర, ఐదో గదికి వచ్చేసరికి గడ్డానికి తగులుతున్నాయి. ఇక శత్రువులైతే మరీ పెద్దమనుషులు. తుపాకీ ఎత్తి, ఇతను తూటాలు నింపుకునేదాకా మర్యాదగా ఆగుతున్నారు.

టెస్టర్ హెడ్‌సెట్ తీసేశాడు.

"టేపు పట్టి కొలవడం రాదాండీ మీకు?"

"కొలిచే పెట్టానండీ."

"ఒక్కో గదిలో ఒక్కో ఎత్తా?"

"అవునండీ. ఒక్కసారి కూర్చుని ఆడి చూడండి."

"యుద్ధానికి వచ్చినవాడికి కుర్చీ వేయమంటారా?"

పక్క బల్లల దగ్గరున్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వాడు.

ఆరో గది తలుపు ఎందుకు తెరుచుకోలేదని టెస్టర్ అడిగాడు. అది ఇప్పుడే కట్టకూడదని, ఇంకో పది రోజులు ఆగాలని ఆయన జవాబిచ్చాడు. ఆ మాట మరీ విడ్డూరంగా తోచింది. సగం పని పట్టుకొచ్చి ఉద్యోగం అడగడమేమిటని టెస్టర్ కసిరాడు. ఆయన ఏదో చెప్పబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు. వస్తానని చెప్పి మెట్లు దిగాడు.

టెస్టర్ ఇంకెవరి పేరో పైకి పంపేశాడు.

సాయంత్రం అతను ఆసుపత్రి గది తలుపు తోశాడు.

తమ్ముడు చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్లకు హెడ్‌సెట్. కుడిచెయ్యి వణుకుతూ చెవి దాటి, నుదురు దాటి గాల్లోకి లేచింది. అక్కడేదో అందుకుని దిగింది. మళ్లీ లేచింది.

మాట్లాడొద్దని అమ్మ సైగ చేసింది. మూడు వారాలుగా ఇదే పని అని, చెయ్యి తలపైకి లేచాకే అన్నయ్యకి చూపించాలని వాడు ఒట్టు వేయించుకున్నాడని చెవిలో చెప్పింది. టెస్టర్ కళ్లు తుడుచుకున్నాడు. ఈ నాలుగు నెలల్లో అతను ఇంత సంతోషం ఎరగడు.

అప్పుడు పక్కనున్న కంప్యూటర్ తెర చూశాడు. తమ్ముడికి కనిపిస్తున్నదే అందులోనూ కనిపిస్తోంది.

పాడుబడిన గిడ్డంగి. కిటికీలు సరిగ్గా తమ్ముడి కళ్లకు ఎదురుగా ఉన్నాయి. తుపాకీ ఒళ్లో పెట్టినంత దగ్గరగా ఉంది. తూటాల పెట్టె తలపైన వేలాడుతోంది. ఆ వణికే చెయ్యి దాన్ని అందుకునేదాకా శత్రువు ఓపిగ్గా ఆగాడు.

తమ్ముడు హెడ్‌సెట్ తీశాడు.

"వచ్చావా అన్నయ్యా."

ఆ పిలుపు విని నాలుగు నెలలైంది. అయినా టెస్టర్ తెర మీదనుంచి చూపు తిప్పలేదు. ఇది ఎవరు కట్టారని అడిగాడు.

"పొద్దున్న నీ దగ్గరికి పంపాను కదా, ఆయనే. నేను నీ తమ్ముణ్ణని నీతో చెప్పమంటే వద్దన్నాడు. పని నచ్చితేనే ఇవ్వాలన్నాడు. ఉద్యోగం వస్తే ఇక్కడే ఉండి, నా చెయ్యి ఇంకాస్త లేచాక ఆరో గది కడతానన్నాడు."

"ఏడీ ఆయన?"

"మధ్యాహ్నం వచ్చి, మీ అన్నయ్య చాలా మర్యాదగా మాట్లాడాడని చెప్పి ఊరికి వెళ్లిపోయాడు. ఈ ఆసుపత్రిలో ఆయన పని ఇవాళ్టితో ఆఖరు. నువ్వు రావడం మానేశాక చేరాడు కాబట్టి నీకు తెలీదు గానీ అన్నయ్యా, రోజూ నన్ను చంటిపిల్లాడిలా ఎత్తి, స్నానం చేయించి, ఈ కుర్చీలో కూర్చోబెట్టింది ఆయనే."