అమ్మ గొంతున్న టేపు

ఎనభై మూడులో ఒక ఆదివారం ఉదయం పదకొండింటికి, షికాగోలో మేం హౌస్ అనే కొత్తరకం డాన్సు పాటలకి ఆడే పాత గోదాములోకి మా అమ్మ ఓడెస్సా మెట్లు దిగి వచ్చింది. తలమీద చర్చి టోపీ, చేతిలో గొడుగు. బయట వాన లేదు.

అక్కడ మందు అమ్మేవారు కాదు, పళ్ళరసమే. అందుకే శనివారం మొదలైన ఆట ఆదివారం మధ్యాహ్నం దాకా సాగేది. ఆ పళ్ళరసం గురించి చెప్పాల్సింది చాలా ఉంది, కానీ అమ్మ వచ్చేసింది.

నేను హడలింది గొడుగుని చూసి కాదు. చర్చిలో ఆమె పాడిన కీర్తనను దొంగచాటుగా రికార్డు చేసి, డ్రమ్ముల యంత్రం దరువు మీద అతికించింది నేనే. సరిగ్గా అదే మోగుతోంది. వందలమంది మగపిల్లలు చొక్కాలు విప్పేసి, ఒకరినొకరు వాటేసుకుని, ఆమె గొంతుతో దేవుణ్ణి పిలుస్తున్నారు.

"చచ్చావురా! నీకు ఇవాళ్టితో ఇల్లు లేదు," అన్నాడు పాటలు వేసే లావెల్. "మా సోఫా ఖాళీయే, కానీ కుక్క ఒప్పుకోవాలి."

అమ్మ వచ్చి నా చెవి పట్టుకుంది.

"అది నా గొంతేనా?"

"అవునమ్మా. తప్పయిపోయింది. ఇంట్లోంచి గెంటెయ్యకమ్మా."

"వీళ్ళందరూ విన్నారా?"

"మూడు వారాలుగా వింటున్నారమ్మా."

"ఓరి దరిద్రుడా! ఆ రోజు నాకు జలుబురా. పై స్వరం అందనే లేదు. అది ఆపించి ఆ మైకు ఇలా తే, మళ్ళీ పాడతాను."