ఎత్తులో వదులైన గొలుసు

పాత మిలిటరీ ట్రక్కు సాయంత్రం నుంచి మూలుగుతూనే ఉంది. వెనక గొలుసుకు ఇంజను తీసేసిన క్రేను వస్తోంది. దాని స్టీరింగు దగ్గర డ్రైవరు బావమరిది, చనిపోయిన భార్యకు తమ్ముడు, కూర్చున్నాడు. ఆ రెండింటిలో ఏది ఎక్కువ బరువో డ్రైవరుకు ఇప్పటికీ తేలలేదు.

ఎత్తు మొదలయ్యాక ట్రక్కు ఉన్నట్టుండి తేలికైంది. బిగిసి ఉండాల్సిన గొలుసు రోడ్డు మీద గలగలా ఈడ్చుకుంటూ వస్తోంది. తెగిందనుకుని డ్రైవరు ట్రక్కు ఆపి, తిట్టుకుంటూ దిగాడు.

తెగలేదు. క్రేను ట్రక్కుకు జానెడు దూరానికి వచ్చి ఆగి ఉంది.

"మీదకెక్కిస్తావురా? బ్రేకు తొక్కు."

"ఎత్తు మొదట్నుంచీ తొక్కే ఉన్నాను బావా."

"నీ అబద్ధాలు నమ్మడానికి మీ అక్క లేదు. దిగు."

"తలుపు రావట్లేదు బావా."

డ్రైవరు బయటి నుంచి పిడి పట్టి లాగాడు. క్రేను చప్పుడు లేకుండా కదిలి, ట్రక్కును నెట్టుకుంటూ ఎత్తెక్కసాగింది. అతను పిడి వదల్లేదు.