ఎనిమిది వేల అడుగుల గది

మూడో అంతస్తుకు ఎక్కేలోగా ప్రతి మలుపు దగ్గరా ఆవిడ ఆగింది.

"ఏమిటండీ ఆ తొందర? గుండె ఆపరేషనయిన మనిషి అలాగేనా ఎక్కేది? కాసేపు నిలబడండి" అని మొగుణ్ణి కసిరింది.

"నాకేం ఆయాసం లేదే" అన్నాడు రిటైరైన బస్సు డ్రైవరు.

"ఉంటే మాత్రం మీరు చెబుతారా?"

అదీ నిజమే. తనకేదైనా అయిందంటే ఒప్పుకునే రకం కాదాయన. గుండెపోటు వచ్చిన రోజు కూడా అజీర్తి అని దబాయించాడు. ముప్పయ్యేళ్ళు కొండమీది ఊరికి బస్సు నడిపాడు గానీ భార్యను ఒక్కసారి కూడా ఆ బస్సు ఎక్కించలేదు. ఇప్పుడు చూపిద్దామంటే గుండె మొండికేసింది. ఎనిమిది వేల అడుగుల ఎత్తులో గాలి పలచన, అలవాటు చేసుకోకుండా వెళ్ళొద్దన్నాడు డాక్టరు.

ఆ అలవాటు చెయ్యడానికే ఆస్పత్రిలో ఈ అద్దాల గది. బయటి మిషను లోపలి గాలిలో ఆక్సిజన్ తగ్గిస్తూ పోతుంది. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కొండెక్కుతాడు. ఒంట్లో ఆక్సిజన్ నూటికి ఎంతుందో వేలికి పెట్టిన క్లిప్పు చెబుతుంది. ఆరు వారాలుగా ఎక్కుతున్నా, పోయినసారి ఎనభై మూడు దగ్గరే ఆగిపోయాడు. ఎనభై అయిదు ఉంటేనే డాక్టరు సంతకం పెడతాడు. ఈరోజు ఆఖరి పరీక్ష.

"ఇవాళ నేనూ లోపల కూర్చుంటా తల్లీ" అంది ఆవిడ, మిషను చూసే టెక్నీషియన్ అమ్మాయితో. "పక్కన నేనుంటే ఈయనకి ధైర్యం."

"మీకు గుండె జబ్బూ అదీ ఏమీ లేదుగా అమ్మా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. నా కోసమని ఆస్పత్రి మెట్లెక్కి ఇరవయ్యేళ్ళయింది."

అమ్మాయి ఆయన వేలికి క్లిప్పు పెట్టి, తలుపు మూసి, బయట మిషను తెర ముందు కూర్చుంది. లోపల ఆవిడ మొగుడి చేతిని ఒళ్ళోకి తీసుకుని శాలువా కప్పింది.

"వేళ్ళు చల్లబడితే అంకె సరిగ్గా రాదన్నావుగా?"

"అవునమ్మా, కప్పే ఉంచండి."

తెర మీద అంకె ఒక్క క్షణం మాయమై మళ్ళీ వచ్చింది. చల్లటి వేళ్ళతో ఇది మామూలే.

"అయిదు వేల అడుగులు. ఎలా ఉంది డ్రైవరుగారూ?" మైకులో అడిగింది అమ్మాయి.

"భేషుగ్గా ఉంది! సరిగ్గా ఇక్కడికొచ్చేసరికే మా బస్సు ఇంజను సలసలా కాగేది. జనాన్నందర్నీ దింపేసి..."

ఆ కథ అమ్మాయికి కంఠతా వచ్చు. ఆవిడకి ఇంకా బాగా వచ్చు కాబోలు, కుర్చీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఆయన చెప్పే కథలకి ఎవరికైనా కునుకు పడుతుందని అమ్మాయి నవ్వుకుంది.

"ఎనిమిది వేలు" అంది మైకులో.

ఎనభై ఎనిమిది. ఎనభై నాలుగు. డెబ్బై తొమ్మిది.

"డ్రైవరుగారూ, కళ్ళు తిరుగుతున్నాయా?"

"అబ్బే! ఇప్పుడు బస్సిచ్చినా నడిపేస్తాను. ఎంతొచ్చిందేమిటి?"

"డెబ్బై ఆరు."

కథ అక్కడే ఆగిపోయింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పెళ్ళాం వైపు తిరిగి అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఎన్నాళ్ళ ఆశో పాపం అనుకుంది అమ్మాయి.

"ఆపెయ్యమ్మా" అన్నాడు. "మాకే కొండా వద్దు. తలుపు తియ్యి, తొందరగా!"

అమ్మాయి మిషను ఆపి, ఆక్సిజన్ మాస్కు పట్టుకుని లోపలికి పరుగెత్తి ఆయన మొహానికి పెట్టబోయింది. ఆయన ఆ చేతిని తోసేసి శాలువా లాగేశాడు.

క్లిప్పు ఆవిడ వేలికి ఉంది.