ఆగని ఇంజన్

“ఆపండి సార్!” అని అరిచింది పూజ.

కోదాడ కాలేజీ గ్రౌండులో ఆమె మోకాళ్ల మీద కూర్చుని మోడల్ విమానాన్ని రెండు చేతులా అదిమి పట్టుకుంది. ప్రేమ్ కుమార్ సార్ రిమోట్‌లో వేగం తగ్గించే థ్రాటిల్ మీటను కింది దాకా లాగాడు. ఇంజన్ నెమ్మదించింది, ఆగలేదు. ప్రొపెల్లర్ ఆమె చున్నీ అంచును లాక్కుని చింపేసింది. పూజ ఇంధనం పైపును వేళ్లతో నొక్కి పట్టింది. అప్పుడు ఆగింది.

“నిన్న నేను సెట్ చేసినప్పుడు కార్బొరేటర్ పూర్తిగా మూసుకునేది సార్. కిందికి లాగంగనే ఆగాలె.”

“నేనే మార్చిన. రేపు షోల చీఫ్ గెస్ట్ ముందర ఇంజన్ ఆగిపోతే పరువు పోతది. అందుకే మొత్తం మూసుకోకుండ చేసిన.”

“నాకు చెప్పలే.”

“చెప్తే విమానం పట్టుకుంటవా?” సార్ నవ్వాడు. “ఇగ స్టార్ట్ చెయ్. ఇంటర్నల్ మార్కులు ఏసేది నేనే.”

పూజ లేచి నిలబడింది. “రిమోట్ నాకియ్యండి సార్. విమానం మీరు పట్టుకోండి.”

సార్ ప్రొపెల్లర్ వైపు చూశాడు. తర్వాత చెట్టు కింద నిలబడ్డ విద్యార్థుల వైపు తిరిగాడు.

“తిరుపతీ, నువ్వు రారా.”

తిరుపతి వచ్చేలోపు పూజ స్పానర్‌తో ప్రొపెల్లర్ నట్టు విప్పింది. ప్రొపెల్లర్‌ను బ్యాగులో వేసుకుని గేటు వైపు నడిచింది.