ఎర్ర మామిడాకు

తాను వేసిన ఒక సున్నా ఒక పిల్లవాణ్ణి ఏం చేసి ఉంటుందో అన్న అనుమానం వెంకటరమణయ్య అయ్యవారిని ఇరవై ఏళ్ళుగా వదల్లేదు. బనగానపల్లెలో పంతుళ్ళ శిక్షణకు వచ్చి, కుంచె చేతబట్టగానే అది మళ్ళీ పైకి వచ్చింది. ఆనాడు ఆ పిల్లవాడు మామిడాకు బొమ్మకు ఎర్ర రంగు పూశాడు. తాను వీపు మీద ఒకటిచ్చి సున్నా చుట్టాడు. వారం తిరక్కుండానే తోరణానికి ఆకులు కోయబోతే, కొమ్మ చివర లేతాకులన్నీ ఎర్రగా కనబడ్డాయి. పిల్లవాడు అప్పటికే ఊరు విడిచి పోయాడు. ఇప్పుడు వాని పేరు కూడా గుర్తులేదు.

ఈరోజు శిక్షణలో ఆఖరి పరీక్ష. ఇందులో తప్పితే హెడ్మాస్టరు పని మీద ఆశ వదులుకోవలసిందే.

కర్నూలు నుంచి వచ్చిన శిక్షణాధికారికి ముప్పై ఏళ్ళుంటాయి. 'పిల్లల్లో సొంత ఊహ పెంచడం ఎట్లా' అన్న పాఠాన్ని మూడు రోజులు చదివి చెప్పి, అందరిచేతా అక్షరం పొల్లు పోకుండా రాయించాడు. ఒక్క మాట మార్చినవాళ్ళ చేత మళ్ళీ రాయించాడు. ఇప్పుడు గోడకు మామిడాకు పటం తగిలించాడు.

"బొమ్మల పాఠం, సైన్సు పాఠం కలిపి చెప్పాల. అదే కొత్త పద్ధతి. మామిడాకు వేయండి. పటంలో ఎట్లుంటే అట్లనే వేయాల."

కిటికీ అవతల మామిడిచెట్టు నిండా లేతాకులు. వెంకటరమణయ్య అటు చూసి, కుంచెను ఎర్ర రంగులో ముంచాడు.

పక్కనున్న ఏసేపు పంతులు మోచేత్తో పొడిచాడు. "పటం చూసి వేయి సామీ. మార్కులు చెట్టుకు కాయవు."

"దేవుడేసిన రంగు కదప్పా."

"పేపరు దిద్దేది దేవుడు కాదులే."

అధికారి వచ్చి, చచ్చిన ఎలుకను ఎత్తినట్టు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తాడు. "ఏమయ్యా, ఆకు యాడన్నా ఎర్రగా ఉంటాదా?"

"ఒకసారి కిటికీలోంచి చూడండి సార్."

"చెట్లు చూసేదానికా నన్ను పంపించింది? తల నెరిసినాక పిల్లచేష్టలు. ఇట్లాంటోళ్ళ చేతుల్లో పిల్లోళ్ళు ఏం బాగుపడతారు?"

పంతుళ్ళంతా నవ్వారు. అధికారి ఆకు నడిమధ్య సున్నా చుట్టి, కింద పేరు చూశాడు. చేయి ఆగిపోయింది. ముఖంలోకి తేరిపార చూసి, చెప్పులు విడిచి, వంగి కాళ్ళు మొక్కాడు.

"సార్, నేను. మూడో తరగతిలో మీచేత దెబ్బ తిన్నోణ్ణి. ఇట్లాంటి ఆకుకే."

గదిలో నవ్వు ఆగింది. వెంకటరమణయ్య ఇరవై ఏళ్ళుగా చెప్పాలనుకున్న మాట చెప్పేశాడు.

"ఆ పొద్దు తప్పు నాదే నాయనా. నీ ఆకే నిజం. సున్నా రావాల్సింది నాకు."

"అంత మాట అనొద్దు సార్. ఆ దెబ్బతోనే బాగుపడినాను. ఆ పొద్దు నుంచి మళ్ళీ చెట్టు తట్టు చూడలేదు" అని అధికారి కళ్ళు తుడుచుకొని, తాను చుట్టిన సున్నాను కొట్టెయ్యకుండానే, ఆ కాగితాన్ని రెండు చేతులతో భక్తిగా గురువు చేతిలో పెట్టాడు.